సూచీధారిణి మూడవ బంతిని పట్టిన గాథ

వినుడు! గోడగడియారపు చిన్నముల్లు పదకొండును ముట్టడించి, పెద్దముల్లు పన్నెండుపై జెండా నాటి, సెకన్లముల్లు ఒక్కటే ఎవ్వరికిని లొంగక గిరగిర తిరుగుచున్న సుముహూర్తమున, నాలుగువందల మెత్తని కుర్చీలు చతురంగబలములవలె బారులు తీరి, ఏసీ యంత్రములు ప్రళయకాల ప్రభంజనములవలె చల్లగాలిని కక్కుచుండగా, ఒకానొక సభామందిరమున జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. సోదరీమణులారా, పొయ్యిమీద ఏదైన పెట్టి వచ్చియుంటిరేని ముందు పోయి ఆర్పి రండు. కథ ఎచ్చటికిని పోదు. మాడిన గిన్నె మాత్రము ఊరక వదలదు.

ఈ గాథకు నాయిక ఎవరనగా, ముప్పది సంవత్సరములు కుట్టుమిషను ముందు కూర్చుండి, వేలకొలది చొక్కాలకు కాజాలు కుట్టి, ఒక్క గుండీనైనను దాని కాజా తప్పిపోనీయని సూచీధారిణి. తెగిన దారమును పంటితో కొరికి, తడిపి, ఒక్క గురిలో సూదిబెజ్జమును ఛేదించు లక్ష్యవేధిని. ఒక్క బిడ్డను మాత్రమే కని, వెయ్యిమంది బిడ్డలకు సరిపడు భయమును పెంచి పెద్దచేసిన మహామాత. ఆమె చదువు ఏడవ తరగతిలో ఆగెను. భయము మాత్రము ఆగక పైచదువులకు పోయెను. ఫోను మోగినచో దుర్వార్త అనియు, మోగకున్నచో ఆ దుర్వార్త చెప్పుటకు వారికి నోరు రాలేదనియు తలచు మనసు ఆమెది.

ఆమె పక్క కుర్చీలో ఆమె పతి. బస్సు కండక్టరుగా ముప్పదియైదేండ్లు నిలుచుండి నిలుచుండి, కూర్చుండుటయే మోక్షమని తెలిసికొన్న జ్ఞాని. కుర్చీ తగిలిన ఉత్తరక్షణమే ఆయన నిద్రాసముద్రమున మునిగెను.

ఆనాడు ఆ మందిరమున సన్మానము పొందబోవునది వారి ఏకైక పుత్రిక. ఇంట ఆమెను గువ్వ అందురు. సభలో మాత్రము పెద్ద పరిశోధకురాలందురు. పదునాలుగు, పదునైదేండ్ల పిల్లల మెదడు ఎట్లు ఎదుగును, తోటివారు చేయిపట్టి కలుపుకొన్నచో ఎట్లు వికసించును, పక్కకు నెట్టివేసినచో ఎట్లు నొచ్చుకొనును అను విషయమై పదేండ్లు శ్రమించి ఆమె వ్రాసిన వ్రాతలకు, ఆ యేటి మేటి బహుమతి లభించెను.

తల్లి సంతోషించవలదా? సంతోషించెను; ఉదయము ఆరు గంటల నుండి ఆరు గంటల అయిదు నిమిషముల వరకు. అటుపిమ్మట వేదికకు మెట్లు ఐదు కలవనియు, ఐదింటికిని అంచులు కలవనియు, మైకునకు కరెంటు కలదనియు, బహుమతి దళసరి గాజుతో చేసినదనియు, అది కాలిమీద పడినచో బొటనవ్రేలు దక్కదనియు ఒకదాని వెంట ఒకటి గుర్తుకు రాగా, చేతిసంచిలో కొలతటేపును, దూదిని, కట్టుగుడ్డను, పదకొండు పిన్నీసులను సర్దుకొని యుద్ధసన్నద్ధయై బయలుదేరెను.

అయినను ఇవన్నియు చిల్లర శత్రువులు. అసలు శత్రువులు ఇద్దరు. ఒకడు ఎర్రటోపీవాడు. వేరొకడు ఆకుపచ్చటోపీవాడు. వారికొరకై ఆమె ఆరేండ్లుగా కాచుకొనియుండెను.

ఆ పూర్వవైరము ఎట్టిదనగా: ఆరేండ్ల క్రిందట ఒక ఆదివారము, భోజనములు ముగిసి బల్ల ఇంకను తుడువకమునుపే, గువ్వ తన కంప్యూటరును తెచ్చి ఆ తడిమీదనే పెట్టెను.

"అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు ఈ ఆట ఆడి పెట్టవే. పిల్లలతో ఆడించేముందు సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవాలి."

"తడి తడి! కరెంటు వస్తువు అది! నాకేం వస్తాయే ఆటలు? పాడైపోతే?"

"పాడవ్వదులే. ఇటు నొక్కితే బంతి ఎర్రటోపీకి వెళ్తుంది. అటు నొక్కితే పచ్చటోపీకి. అంతే."

తెరపై ఒక మైదానము. అందు పైన ఎడమవైపున ఎర్రటోపీవాడు, కుడివైపున పచ్చటోపీవాడు, కింద ఒక చేయి. ఆ చేయియే తానని సూచీధారిణికి తెలిసెను. తొలిబంతిని ఎర్రటోపీవాడు ఆమెకు వేసెను. తెరమీద చేయి పట్టెను, బల్ల దగ్గర ఆమె మురిసెను. ఆమె దానిని పచ్చటోపీకి వేయగా వాడు మరల ఆమెకే వేసెను. రెండవబంతి! ఏడవ తరగతితో ఆటస్థలము విడిచిన పాదములు బల్లకింద తమంతట తామే కదలెను.

ఆ తరువాత, అయ్యో, ఏమని చెప్పుదును! ఎర్రటోపీ పచ్చటోపీకి వేసెను. పచ్చటోపీ ఎర్రటోపీకి వేసెను. మరల ఎర్ర పచ్చకు, పచ్చ ఎర్రకు. ఆమె నిటారుగా కూర్చుండెను. జుట్టు సవరించుకొనెను. కళ్లజోడు తుడిచి పెట్టుకొనెను. తెరవైపు చూచి నవ్వెను. "ఇటు బాబూ, నేనూ ఉన్నాను" అని, కూతురు వినకుండ మెల్లగా అనెను. ముప్పదియెనిమిది మారులు ఆ కందుకము ఆమె శిరముపై నుండి ఉల్కాపాతమువలె ఇటునటు ఎగిరిపోయెను; ఒక్కసారియు కిందికి దిగలేదు. ముప్పదియెనిమిది అని గట్టిగా ఎట్లు చెప్పగలమందురా? కాజాలు లెక్కపెట్టిన కండ్లు అవి. వాటికి లెక్క తప్పదు.

అంతలో గువ్వ ఫోను మోగెను. "చాలమ్మా, బ్రహ్మాండంగా ఆడావు, చాలా ఉపయోగపడింది" అనుచు ఆ పిల్ల ఫోను చెవికి ఆనించుకొని బాల్కనీలోనికి పోయెను. ఆ ఫోను మోగకున్నచో ఆమె తల్లికి ఒక్క మాట చెప్పియుండెడిది. ఆ మాట చెప్పియున్నచో ఈ గాథ లేదు.

తల్లియే అడుగవచ్చును గదా అని మీరనవచ్చును. ఎట్లు అడుగును? "వాళ్లు నాకెందుకు బంతి వెయ్యలేదే?" అని అరువదేండ్లకు దగ్గరపడిన మనిషి నోరువిడిచి అడుగునా? అడుగలేదు. మింగెను. మింగినది అరుగలేదు. కాజా కుట్టుచు ఆలోచించెను, కుట్టు విప్పుచు ఆలోచించెను. నా చదువు తక్కువని వాళ్లకు తెలిసిపోయిందేమో. నా వేళ్లు నిదానమేమో. నేను నవ్వినది వెటకారమనుకొనిరేమో. చివరకు, అన్ని దారములు ఒక్క ముడిలో చిక్కుపడినట్లు, ఒక భయంకర నిర్ణయమునకు వచ్చెను: ఆ ఇద్దరును గువ్వతో పనిచేయువారు. తల్లికి ఒక్క బంతి వేయుటకు చేతులు రానివారు, కూతురు పైకి వచ్చుచుండగా చూచి ఓర్తురా?

అందువలన ఆమె రాయబారము నడిపెను. ఏటేట రెండు చేతిరుమాళ్లు, నాలుగంచులు చేతితో మడిచి కుట్టినవి, "నీ దగ్గర పనిచేసే ఆ ఇద్దరికీ ఇయ్యి" అని పంపెను. కొన్ని వారములకొకసారి ఫోనులో ఆరా తీసెను.

"ఆ ఇద్దరూ ఎలా ఉన్నారే?"

"మా పిల్లలా? బానే ఉన్నారమ్మా. కాస్త బద్ధకం, అంతే."

"రుమాళ్లు తీసుకున్నారా?"

"తీసుకున్నారు. నీకు థాంక్స్ చెప్పమన్నారు."

"మనసులు మంచివేనా?"

"మంచివాళ్లేనమ్మా! ఏం, ఎందుకు?"

"ఊరికే."

నవ్వుచు రుమాలు పుచ్చుకొన్న శత్రువే శత్రువులలోకెల్ల ప్రమాదకారి అని ఆమె ఎరుగును. గువ్వ చెప్పుచున్నది తన దగ్గర చదువుకొనుచున్న ఇద్దరు విద్యార్థులను గురించియని మాత్రము ఎరుగదు.

సరే, మరల సభకు వచ్చెదము. సూచీధారిణి కుర్చీలో కూర్చుండి, మెడను గాలికోడివలె నలుదిశల త్రిప్పుచు మందిరమును గాలించుచుండెను. అంతట వేదిక దాపున, నల్లని వైర్ల నడుమ, పుట్టలో చేయి పెట్టిన పాములవానివలె ఒకడు వంగియుండుట కనబడెను. వాని తలపై టోపీ. ఆ టోపీ ఎరుపు! ఆమె వెనుకకు తిరిగెను. ద్వారమునొద్ద టీకప్పుల పళ్లెమును అరచేతిపై మోయుచు వేరొకడు లోనికి వచ్చుచుండెను. వాని తలపై టోపీ. ఆ టోపీ ఆకుపచ్చ!

"ఏవండీ, లేవండి. వాళ్లిద్దరూ వచ్చారు."

"ఎవరు, చెకింగువాళ్లా?" కండక్టరుగారు కండ్లు తెరువకయే జేబు తడుముకొనెను.

"బంతివాళ్లు!"

"రానీ. అందరికీ సీట్లున్నాయిగా." ఆయన మరల మునిగెను.

ఒంటరియైనను వెనుదీయక, సంచిని డాలువలె ఎదకు అదుముకొని, ఆ వీరమాత వేదికవైపు నడచెను. ఎర్రటోపీవాని ముందు నిలిచి, ఆరేండ్లుగా నూరి నూరి పదునుపెట్టిన మాటలను అంతరంగమున ఎత్తెను: "ఓరీ రక్తవర్ణ శిరస్త్రాణధారీ! కందుకచోరా! అబలయగు ఒక తల్లి చేయి చాపి వేచియుండగా, ముప్పదియెనిమిది మారులు ఆమె తలపై నుండి బంతిని దాటించి, పిదప ఆమె కుట్టిన రుమాలుతోనే మూతి తుడుచుకొన్న నిర్లజ్జుడా! నేడు నా బిడ్డ మెట్లెక్కువేళ ఈ కాలసర్పసదృశములైన తీగలను పరచి ఎట్టి పన్నాగము పన్నితివి? పలుకుము! లేకున్న ఈ పదకొండు పిన్నీసులే నీకు పదకొండు బాణములు!"

నోటినుండి వచ్చినది మాత్రము ఇది:

"బాబూ, ఆ వైరు కాళ్లకు తగలదు కదా?"

"తగలదు పిన్నిగారూ. పైన టేపు వేశాను." అతడు మైకులు, స్పీకర్లు బిగించువాడు, అతని కంపెనీవారందరికిని అట్టి టోపీయే.

"ఇంకాస్త వెయ్యి నాయనా. మా అమ్మాయి నడిచేది."

అతడు మారుపలుకక మరియొక మూరెడు టేపు వేసెను. ఆమె కొలతటేపు తీసి చూచెను. మూరకు రెండంగుళములు ఎక్కువయే. శత్రువు ఇంత సాధువుగా ఉండుట ఆమెను మరింత కలతపెట్టెను.

"నువ్వు... బంతాట ఆడతావా బాబూ?"

"ఇప్పుడేం ఆటలండీ, నడుం సహకరించొద్దూ! చిన్నప్పుడు ఆడేవాణ్ణి."

"అందరికీ వేసేవాడివా?"

"నా దాకా వస్తేగా పిన్నిగారూ, వెయ్యడానికి! నన్నెప్పుడూ గోడ దగ్గర నిలబెట్టేవాళ్లు. బంతి అవతల పడితే తెచ్చివ్వడం నా డ్యూటీ." అతడు నవ్వి, మరల వైర్లలోనికి వంగెను.

సూచీధారిణి తన కుర్చీకి మరలెను. ఆమె కోపమునకు ఒక కుట్టు ఊడెను. అబద్ధమేమో? అబద్ధమైనచో అంత వివరముగా ఉండదు. నిజమేమో? నిజమైనచో, బంతి రాని బాధ ఎరిగినవాడు వేరొకరికి ఎట్లు వేయకుండును? ఎరిగినవారే అట్లు చేయుదురేమో!

ఇట్లు ఆమె మనసు డోలాయమానమగుచుండగా పచ్చటోపీవాడు టీపళ్లెముతో వరుసలోనికి వచ్చెను. ఒక్కొక్క కప్పు ఇచ్చుచు వచ్చి, ఆమె పక్కనున్న కుర్చీ దాక వచ్చి, కప్పులు నిండుకొనగా వెనుదిరిగెను. "ముప్పై తొమ్మిది" అనుకొనెను ఆమె. మరల వచ్చెను, ఈమారు వెనుకవరుసకు మళ్లెను. "నలభై." మూడవమారు సరిగ్గా ఆమె యెదుట నిలిచి పళ్లెము వంచుచుండగా, ముందువరుస నుండి ఎవరో చిటికె వేసిరి.

"బాబూ, ఇటు..."

"వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం!" అని అటు పోయెను.

"నలభై ఒకటి." గొంతెండిపోయెను. గొంతుకంటె మనసు ముందెండెను.

అంతట మైకు గురగురలాడెను. గాజుబహుమతిని రెండుచేతులతో పట్టుకొని అధ్యక్షులవారు వేదికపై నిలిచిరి. ఆయన ముఖమున నవ్వు మొలిచి ఎన్నాళ్లయినదో ఆయనకే తెలియదు. గువ్వ లేచెను. ఒకటవ మెట్టు. రెండవ మెట్టు. తల్లి ఊపిరి బిగబట్టెను. మూడు. నాలుగు. అయిదవ మెట్టుపై చెప్పు కొంచెము జారి మరల నిలదొక్కుకొనెను. కింద తల్లి గుండె జారినది నిలదొక్కుకొనలేదు. గువ్వ కాగితములు విప్పి ఉపన్యసించెను.

"మా ప్రయోగం చాలా చిన్నది. ఒక బంతాట. ఆడే పిల్లకి ఎదురుగా ఇద్దరు కనిపిస్తారు, ఒక ఎర్రటోపీ, ఒక పచ్చటోపీ. ముందు రెండుసార్లు బంతి వేస్తారు. తర్వాత వెయ్యరు. అంతే. ఆ రెండు నిమిషాల్లో పిల్ల మనసు ఎలా చిన్నబోతుందో, మెదడులో ఏం కదులుతుందో చూశాం. పెద్దవాళ్లు 'ఇంతేనా, బంతేగా' అంటారు. పద్నాలుగేళ్లప్పుడు అది బంతి కాదు."

సూచీధారిణి కండ్లు విప్పార్చెను. ఎర్రటోపీ, పచ్చటోపీ! బిడ్డకు తెలియును! బిడ్డ అన్నియు ఎరుగును!

"అసలు సంగతేంటంటే, ఆ ఇద్దరూ మనుషులే కాదు. కంప్యూటరులో నేను రాసిన ప్రోగ్రాం. రెండు బంతుల తర్వాత వెయ్యొద్దని నేనే రాశాను."

మందిరమంతయు తలలూపెను. ఒక్క తల ఊగలేదు.

"అందుకే మాకొక గట్టి నియమం. ఆట అయ్యాక ప్రతి పిల్లనీ కూర్చోబెట్టి నిజం చెప్పాలి. ఆ బాధను ఇంటికి మోసుకెళ్లనివ్వకూడదు. మొత్తం తొమ్మిది వందల పన్నెండు మంది ఆడారు. ఒక్కరిని కూడా చెప్పకుండా పంపలేదు."

"నాకు చెప్పలేదు!"

ఆ గర్జన ఎవరిదని నాలుగువందల శిరములు తిరిగెను. తనదేయని సూచీధారిణికి అందరికంటె ఆలస్యముగా తెలిసెను. ఆమె నిలుచుండియుండెను. ఒడిలోని సంచి జారి, పదకొండు పిన్నీసులు నేలపై జలజల రాలెను.

వేదికపై గువ్వ చదువుట ఆపెను. "అమ్మా... అయ్యో. ఆ ఆదివారం! ఫోనొచ్చింది."

"ఏమిటిది?" అనిరి అధ్యక్షులవారు. "ఒకరికి చెప్పలేదా? నియమం తప్పిందా?"

ఆ మాట చెవినపడగానే మహామాత నెత్తురు గడ్డకట్టెను. ఆరేండ్లుగా కాపలా కాచినది దేనికి? ఎవడో వచ్చి బిడ్డ బహుమతిని చెడగొట్టకుండుటకు గదా! చెడగొట్టినది ఎవరు? తానే! తన నోరే! బహుమతి తిరిగి తీసికొందురు. పేపరులో వేయుదురు. ఉద్యోగము పోవును. గువ్వ ఇంటికి వచ్చి తలుపు వేసికొని...

"చెప్పింది! చెప్పింది!" అని ఆమె రెండుచేతులు గాలిలో ఆడించెను. "నాకే గుర్తులేదండీ! నాకు మతిమరుపు! కావాలంటే ఈయన్నడగండి!" అని పతి భుజమును కుదిపెను. ఆయన కదలలేదు. ఎవరో కిసుక్కుమనిరి.

"చెప్పలేదండీ," అనెను గువ్వ. "అమ్మ ఆడింది పిల్లలకంటే ముందు. లెక్కలో లేదు. కానీ ఆడింది. చెప్పలేదు. తప్పు నాదే."

అధ్యక్షులవారు గాజుబహుమతిని బల్లపై దింపిరి. "అయితే ఇప్పుడు చెప్పండి. ఆ తర్వాతే ఇది."

గువ్వ వేదిక అంచునకు వచ్చెను. (అంచు! అంచు! అని తల్లి కండ్లు అరచెను.) తొమ్మిదివందల పన్నెండుమందికి చెప్పిన మాటలనే, ఒక్క అక్షరము తగ్గింపక, మైకు లేకయే చెప్పెను.

"ఆ ఇద్దరూ మనుషులు కారు. నీకు బంతి రాకపోవడానికి నువ్వు చేసిన తప్పేమీ లేదు. నీ చోట ఎవరు కూర్చున్నా వచ్చేది కాదు. ఇంకేమైనా అడగాలనుందా?"

ఏసీయంత్రము సైతము గుటక మింగెను.

"నా చదువు తక్కువని కాదా?"

"కాదమ్మా."

"వేళ్లు నిదానమని?"

"నీ వేళ్లా? కాదు."

"తెరకేసి నవ్వాను. అందుకేమో అని..."

"నవ్వావా?" అనెను గువ్వ. "కాదమ్మా. అందుక్కాదు."

ఆరేండ్ల ముడి ఒక్కసారిగ వదులై, దారమంతయు జరజర జారిపోయెను. సూచీధారిణి కూర్చుండబోయెను. కూర్చుండబోయి, సగములో ఆగి, మరల లేచెను.

"ఉండు. అంటే నాకు వెయ్యొద్దని రాసింది నువ్వన్నమాట."

"...నేనే."

"తొమ్మిది నెలలు మోశాను నిన్ను."

"మోశావమ్మా."

"ఒక్కటంటే ఒక్క బంతి ఎక్కువ రాస్తే నీ సొమ్మేం పోయేది? వాళ్లిద్దరికీ ఏటా రుమాళ్లు కూడా కుట్టి పంపానే!"

"అందుకా!" గువ్వ తల పట్టుకొనెను. "మా విద్యార్థులిద్దరూ ఆరేళ్లుగా ఎందుకో తెలీకుండానే ముక్కులు తుడుచుకుంటున్నారు!"

సభ ఘొల్లుమనెను. అధ్యక్షులవారి పెదవి ఎడమమూల ఒక నూలుపోగంత పైకి లేచెను, చూచినవారు కలరు. అప్పుడు గువ్వ చేతిలో మిగిలిన చివరి కాగితమును చూచెను, తల్లిని చూచెను. దానిని ఉండచుట్టి, గుప్పిట బిగించి, "అమ్మా, పట్టుకో!" అని విసరెను.

ఆహా, ఆ విసురు! మెదడులోని మూలమూలలు ఎరిగిన చేయియేగాని, బంతి విసరుట ఎరుగని చేయి. కాగితపుటుండ నాలుగడుగులు ఎగిరి, మనసు మార్చుకొని, వైర్ల నడుమ ఎర్రటోపీవాని పాదములచెంత పడెను.

అతడు తీసెను. ఎవరిదా యని చూచెను. బంతి అవతల పడినచో తెచ్చియిచ్చుట వాని చిన్ననాటి కొలువు. అయినను ఇది నలిగిన కాగితము, చెత్తబుట్ట టీబల్లకింద కలదు. "ఇదిగో!" అని పచ్చటోపీవానికి విసరెను. పచ్చటోపీవాడు ఒక చేత పళ్లెము నిలిపి, రెండవచేత ఒడుపుగా పట్టెను.

ఎర్ర పచ్చకు వేసెను! ఇది ప్రోగ్రాము కాదు. వీరు మనుషులు. రక్తమాంసములు, టోపీలు కలవారు. పచ్చటోపీవాడు చెత్తబుట్టవైపు చూచెను. చేయి వెనుకకు తీసెను. నాలుగువందలమంది నోటిలోని టీని మింగుట మరచిరి.

"ఇటు బాబూ!" అని ఆమె, ఈమారు మెల్లగా కాదు, ముప్పదియేండ్ల కుట్టుమిషను చప్పుడును మించిన గొంతుతో కేకవేసెను. "ఇటు వెయ్యి నాయనా! నేనూ ఉన్నాను!"

"పిన్నిగారికి వెయ్యవోయ్!" అని వైర్లలోనుండి ఎర్రటోపీవాడు అరచెను.

పచ్చటోపీవాడు చెత్తబుట్టను చూచెను, ఆమెను చూచెను. చేయి దిక్కు మార్చెను. కాగితకందుకము ధనుర్విముక్త శరమువలె లేచి, మూడు వరుసలను దాటి, ఒకరి బట్టతలను ఆశీర్వదించి, దారి తప్పి, కండక్టరుగారి ముక్కుపై టప్పున తగిలి పైకెగసెను.

"స్టాపొచ్చిందా?" అని ఆయన ఉలికిపడి లేచెను.

ఆయన లేచిన భుజమునకును, కిందకు దిగుచున్న బంతికిని, ముందుకు దూకిన ఆమెకును నడుమ కాజాకు పట్టునంత సందు. ఆ సందులోనుండి, సూదిబెజ్జమును గురిచూచిన ఆ చేయి సాగెను. చూపుడువ్రేలు, బొటనవ్రేలు కలిసెను. పట్టెను!

చప్పట్లు! ఎర్రటోపీవాడు ఈలవేసెను, మైకు దగ్గరనే ఉన్నందున అది ఉరుమువలె మ్రోగెను. పచ్చటోపీవాడు పళ్లెముతోనే పరుగున వచ్చి ఆమెకు టీ ఇచ్చెను. చల్లారినది, అయినను ఇచ్చెను. అధ్యక్షులవారు గువ్వకు బహుమతిని అందించిరి. గువ్వ దానిని కాలిమీద పడవేయక అయిదు మెట్లు దిగి వచ్చెను. తల్లి వెంటనే ఆ గాజును లాగికొని, తన శాలువాలో చుట్టి, పతి ఒడిలో పెట్టి, "పడుకోవద్దు" అని ఆజ్ఞాపించెను.

"అమ్మా, ఆ కాగితం ఇలా ఇయ్యి," అనెను గువ్వ. "దాంట్లో నీకు కృతజ్ఞతలు రాసుకున్నాను. చదవనేలేదు. విప్పి చూడు."

సూచీధారిణి గుప్పిట విప్పలేదు.

"ఉండనీవే. విప్పితే కాగితం. విప్పకపోతే బంతి."

ఆ విధముగా, ఆరేండ్ల నిరీక్షణానంతరము, ముప్పదియెనిమిది బంతులును మూడు టీలును కోల్పోయియు వెన్నుచూపక, ఒక ముక్కునకు స్వల్పగాయము తప్ప వేరు ప్రాణనష్టము లేకుండ, నాలుగువందలమంది సాక్షిగా, సూచీధారిణి తన మూడవ బంతిని గెలిచెను, గెలిచెను, గెలిచెను! అది ఇప్పటికిని ఆమె సంచిలో, పిన్నీసుల డబ్బా పక్కన కలదు. పిన్నీసులు పది. పదకొండవది ఇంకను ఆ మందిరపు నేలపైననే ఉన్నదట. చెప్పులు లేకుండ అటు పోవలదని అందరికిని చెప్పుమని ఆమె మనవి.